చమ్రత్ సాన మిషనుకు కొత్త బేరింగులు

ఏటి ఒడ్డున వెదురు పొదలు దాటాక ఒక రేకుల పాక ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే మా కమ్మరి ఊళ్లో ఎవరూ ఆ దారిన నడవరు. నడిచామని చెప్పుకునేవాళ్లు కొందరున్నారు... వాళ్లంతా పరుగెత్తినవాళ్లే.

అది చమ్రత్ పాక. అతను బతికున్నప్పుడు కూడా ఎవరూ అటు వెళ్లేవాళ్లు కాదనుకోండి. కత్తికి పదును పెట్టడంలో పాసక్ నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా అతనికి సాటి లేరు. నోటి పదునులోనూ లేరు. సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లి, పెళ్లికూతురి తండ్రిని తిట్టి, కడుపు నిండా భోంచేసి వచ్చిన మనిషి. పెళ్లాంతో రోజు మొత్తం మీద తిట్టు లేకుండా అనే మాట ఒక్కటే, అదీ సాన మీంచి తల ఎత్తకుండా: "రేపటికి బియ్యం నానబోశావా?"

అలాంటివాడు ఒకనాటి సాయంత్రం సాన మిషను ముందు, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మిషను మాత్రం తిరుగుతూనే ఉంది. పెళ్లాం బువఫన్ అన్నానికి పిలిచింది... మళ్లీ పిలిచింది... బదులుగా తిట్టు వినబడకపోయేసరికి అనుమానం వచ్చి వెళ్లి చూసింది.

ఆ తర్వాత మొదలైంది, పాకలో అరుపు.

కడుపు నొప్పి వచ్చిన ఎద్దులా రంకె వేసేది. పళ్లు నూరినట్టు సాగేది. చివరికి ముసలాడు ముక్కినట్టు ముక్కి... ఆగేది. వారం వారం, పొద్దుగూకాక. దీని మీద మా ఊళ్లో రెండు అభిప్రాయాలు లేవు. చమ్రత్ ఇంకా తిడుతున్నాడు, అంతే.

ఆ మిషనును కొన్నవాడు తవిన్.

మా ఊళ్లో అల్లుళ్లందరూ అత్తింట్లోనే ఉంటారు, అందులో వింత లేదు. కాని కొలిమి దగ్గర కూడా ఇన్నేళ్లుగా మామ చేతికింద మిగిలిపోయింది తవిన్ ఒక్కడే. మామ ప్రయూన్ బేరానికి వచ్చినవాళ్ల ముందే అనేవాడు, "నా దగ్గర సమ్మెటలు చాలా ఉన్నాయి. తిండి తినే సమ్మెట ఇదొక్కటే." తవిన్ నవ్వేవాడు. అతని భార్య లమూన్ నవ్వేది కాదు.

ఏటా గురుపూజ గురువారం నాడు మా కమ్మర్లు పనిముట్లను పీట మీద పెడతారు. సొంత దాకలి, సొంత సుత్తి, సొంత సాన మిషను పెట్టినవాడు కొలిమి యజమాని. పెట్టలేనివాడు మళ్లీ ఏడాది దాకా ఎవరో ఒకరి చేతికిందివాడు. తవిన్‌కు అన్నీ ఉన్నాయి, సాన మిషను తప్ప. ఈసారి కూడా పెట్టకపోతే కొలిమిలో తన పక్క చోటు పెద్ద కొడుక్కి ఇచ్చేస్తాననీ, తవిన్ ఇక చచ్చేదాకా తిత్తులు ఊదుకోవాల్సిందేననీ ప్రయూన్ తేల్చి చెప్పేశాడు.

అందుకని తవిన్ బువఫన్ దగ్గరికి వెళ్లాడు.

"అత్తా, మిషను ఎలా ఇస్తావు?"

"ఉన్నది ఉన్నట్టు" అంది బువఫన్. "దాంతోపాటు ఏం వచ్చినా నీదే. మళ్లీ నా గుమ్మం ముందుకు తేవద్దు."

తవిన్ రాయిని చేత్తో తిప్పి చూశాడు. గరగరమని, అర చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. ఇరుసు పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పన్ను ఊగినట్టు ఊగింది. బేరింగులు పోయాయి. అంతేనన్నమాట, అనుకున్నాడు. పట్నం వెళ్లి కొత్త జత తెచ్చాడు.

మిషనును ఇంటికి తెచ్చి విప్పుదామంటే ప్రయూన్ పెళ్లాం, అంటే తవిన్ సొంత అత్తగారు, అడ్డం పడింది. ఆ దరిద్రం గడప తొక్కితే తను ఇల్లు వదిలి, గుళ్లో చేరి, సన్యాసినిగా తెల్లబట్టలు కట్టుకుంటానంది. అల్లుడి మాటను ప్రయూన్ జీవితంలో ఒకే ఒక్కసారి సమర్థించింది అప్పుడేనని చెప్పుకుంటారు.

ఇక మిగిలింది ఆ పాకే. పొద్దుగూకే దాకా ప్రయూన్ అతన్ని పనిలోంచి వదలడు. తెల్లారితే గురుపూజ.

అలా... ఆ రాత్రి తవిన్ ఒక్కడే వెళ్లాడు.

నుదుటికి టార్చి కట్టుకున్నాడు. అగరొత్తి వెలిగించాడు. మిషనుకు చేతులు జోడించి, "గురువుగారూ, విప్పుతున్నాను. కోప్పడకండి" అన్నాడు మెల్లగా.

బయట వెదుళ్లు ఒరుసుకుంటున్నాయి. లోపల చప్పుడు లేదు.

కుడివైపు నట్టు మామూలుగానే వచ్చింది. ఎడమవైపు నట్టు అలా రాదు, తిరగేసి తిప్పాలి. ఎడ్డెమంటే తెడ్డెమనే రకం, దాని యజమానిలాగే. తవిన్‌కు అది తెలుసు. తెలిసే తిరగేసి తిప్పాడు. రాలేదు... ఒళ్లంతా బరువు వేశాడు... రాలేదు... లోపలినుంచి ఎవరో బిగబట్టి పట్టుకున్నట్టుంది. "గురువుగారూ" అని మళ్లీ అన్నాడు. టక్కుమని వదిలింది.

రాళ్లు తీసి పక్కన పెట్టాడు. పొడవాటి బోల్టులు లాగేశాడు. పక్క మూత మీద చెక్క సుత్తితో తట్టాడు. కదల్లేదు. ఇంకో దెబ్బ. మూత మెల్లగా, పుండు మీది కట్టు ఊడినట్టు, జిగటగా ఊడివచ్చింది.

మణికట్టు మీద ఏదో పడింది. చల్లగా... చిక్కగా...

టార్చి అటు తిప్పాడు.

ఎర్రగా ఉంది.

బేరింగు నిండా ఎరుపే. గోళీల మధ్య గడ్డ కట్టింది. మూత అంచున బొట్టు బొట్టుగా వేలాడుతోంది. తవిన్ చెయ్యి తియ్యలేదు. తియ్యాలన్న సంగతే తోచలేదు.

అప్పుడు... మెడ వెనక, చాలా దగ్గరగా...

"తాగుతున్నాడా?"

తను అరవలేదని తవిన్ నాతో ఒట్టేసి చెప్పాడు. ఏటి అవతలి ఊరివాళ్లకు మాత్రం వినబడిందట.

వెనక నిలబడింది బువఫన్. చేతిలో ఎర్ర సోడా సీసా, అందులో పీల్చి తాగే గొట్టం.

మిషను కిందికీ ఆమె చేతిలోకీ మార్చి మార్చి చూశాడు తవిన్. మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తియ్యటి వాసన.

"ఇది... నువ్వు పోసిందా అత్తా?"

"ముందు వారం వారం సీసా పక్కన పెట్టేదాన్ని, మన ఊళ్లో దేవతలందరికీ ఎర్ర సోడా పెట్టినట్టే" అంది గుసగుసగా. "శాంతించాడో లేదోనని స్విచ్చి వేసి చూస్తే మూలిగాడు. అందలేదేమో అనుకుని నోట్లోనే పోశా."

"మిషనుకు నోరెక్కడ?"

ఇరుసు బయటికొచ్చే కంత చూపించింది. "పోసినకొద్దీ అరుపు పెరిగింది. పెరిగినకొద్దీ ఇంకా పోశా. అమ్మేశాక మానుకోవాల్సింది. చెయ్యి ఊరుకోలేదు."

తవిన్‌కు నవ్వొచ్చింది. ఊరు ఊరంతా తలుపులు బిగించుకున్నది ఈ పానకానికా? "పంచదార పాకంలో గోళీలు ఎలా తిరుగుతాయి అత్తా? గ్రీజు పోయింది, తుప్పు పట్టింది. కొత్తవి వేస్తే ఇక అరుపు ఉండదు."

బువఫన్ నవ్వలేదు. మొహం గట్టిపడింది.

"అరుపు ఉండదా?"

"ఉండదు."

"మరి ఆయన ఎటు పోతాడు?"

తవిన్ మణికట్టు లుంగీకి తుడుచుకున్నాడు.

"అరిచినంత కాలం ఇందులో ఉన్నాడని తెలిసేది. పులి మెడలో గంట కట్టి పెట్టుకున్నా నేను. నువ్వొచ్చి గంట విప్పుతున్నావు." సీసా నేల మీద పెట్టింది. "మిషను వద్దని పారెయ్ అబ్బాయ్. మామ కింద బతికినవాళ్లెవరూ చావలేదు."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. మామ పేరు చెవిన పడగానే తవిన్ బేరింగులు ఊడలాగే పుల్లర్ అందుకున్నాడు. పాత బేరింగులు కీచుమంటూ ఊడాయి. కిరసనాయిలుతో లోపలంతా తుడిచాడు. కొత్తదాన్ని ఇరుసు మీద పెట్టి, లోపలి వలయం మీద మాత్రమే ఆనేలా గొట్టం పెట్టి, చిన్నగా తట్టి దింపాడు. రెండోది కూడా. మూతలు, బోల్టులు, రాళ్లు, ఎడ్డెం నట్టు... అన్నీ బిగించాడు.

స్విచ్చి వేశాడు.

గాలి వీచినట్టు సుయ్‌మంది, అంతే. అరుపు లేదు. మూలుగు లేదు.

స్విచ్చి తీశాడు. రాయి తిరుగుతూనే ఉంది... చాలాసేపు... మెల్లమెల్లగా... ఆగబోయి... ఆగి...

వెనక్కి తిరిగింది. కొంచెమే. మళ్లీ ముందుకు. ఉయ్యాలలా.

"రాయికి ఒకవైపు బరువెక్కువ" అన్నాడు తవిన్, ఎందుకో గొంతు తగ్గించి. "బరువు కిందికి దిగుతోంది. బేరింగులు బాగా కూర్చున్నాయనడానికి గుర్తు."

బువఫన్ రాయిని చూడటం లేదు. తవిన్ భుజం పైనుంచి చూస్తోంది. తర్వాత తల వంచి, చేతులు జోడించి... గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. ఎవరికో దారి ఇచ్చినట్టు.

మర్నాడు గురుపూజలో తవిన్ తన మిషను పీట మీద పెట్టాడు. పూజారి పిండి బొట్లు పెట్టి బంగారు రేకు అద్దాడు. ప్రయూన్ మొహం అప్పుడు పులిసిన చేపలా ఉంది. మామూలప్పుడు ఎండుచేపలా ఉంటుంది, తేడా మాకు తెలుసు. తవిన్ యజమాని అయ్యాడు. ఏటి ఒడ్డు పాక ఇంకెవరూ అడగరు కనుక అందులోనే కొలిమి పెట్టాడు. ఎర్ర సోడా సంగతి విని ఊరంతా నవ్వుకుంది. అందరికన్నా గట్టిగా నవ్వింది అందరికన్నా గట్టిగా తలుపులు బిగించుకున్నవాళ్లే.

అతని కత్తులకు మంచి పేరొచ్చింది. అతని నోటికి కొంచెం పదును కూడా వచ్చింది, యజమానులకు అది మామూలే అంటుంది లమూన్.

మొన్న ఒక సాయంత్రం పట్టకారు అడుగుదామని వెళ్లాను. తవిన్ స్టూలు మీద వంగి కూర్చుని కత్తి సాన పడుతున్నాడు. మిషను చప్పుడే లేదు. నేను వచ్చింది కూడా చూడలేదు. అంతలో బువఫన్ బుట్ట చంకన పెట్టుకుని పాక ముందునుంచి ఇంటికి పోతోంది.

తవిన్ తల ఎత్తలేదు.

"రేపటికి బియ్యం నానబోశావా?" అన్నాడు.

"పోశా" అంది బువఫన్, నడుస్తూనే.

నాలుగడుగులు వేశాక ఆగింది. బుట్ట జారి కింద పడింది. వంగి తీసుకోలేదు, వెనక్కి తిరిగి చూడలేదు... అలాగే నిలబడిపోయింది.

నేను పట్టకారు అడగలేదు.