మరక లేని పచ్చ

తొమ్మిదిన్నరకి బొగొటా పచ్చల వీధిలో ఎండ వచ్చింది. తొమ్మిదీ ముప్పై నాలుగుకి దోన్ పొలికార్పో చనిపోయాడు.

వారం రోజులుగా ముసురు. దీపం వెలుతురులో పచ్చను చూసే వ్యాపారి ఆ వీధిలో లేడు. అందుకే మబ్బు విడగానే వంద మంది ఒక్కసారిగా జేబుల్లోంచి రాళ్ళు చుట్టిన మడత కాగితాలు తీశారు. రాళ్ళను వేళ్ళ సందున పట్టి ఆకాశానికి ఎత్తారు. డెబ్బై ఏళ్ళ దోన్ పొలికార్పో కూడా చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు. చర్చి గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు.

"తాతా, కాఫీ చల్లారిపోతోంది," అంటూ ఫ్లాస్కులో కాఫీ అమ్మే దోన్యా ఫిదేలా భుజం తట్టింది. ముసలాయన మెల్లగా జారి వీధి రాళ్ళ మీద కూలబడ్డాడు.

చెవి వెనక సూది మొనంత ఎర్ర చుక్క.

సరిగ్గా అప్పుడే, ఊరికి అవతలి కొసన, ఏజెంట్ 14 ఎవారిస్తో రొబాయో ఇస్త్రీ చేస్తున్నాడు. పెళ్ళయి ఇరవైమూడు రోజులు. భార్య ల్యాబ్ కోటు ఇస్త్రీ చెయ్యడం అతనికింకా పండగలాగే ఉంది. వంటింట్లోంచి వేడి చాక్లెట్ వాసన వస్తోంది. కప్పులో వేసిన చీజ్ ముక్క కరిగి సాగుతుంటే దాన్ని చెంచాతో చుట్టి తింటూ నెల్సీ గుమ్మంలో నిలబడింది.

"తమరు ఆ కోటుతో కుస్తీ పడుతున్నారా, ఇస్త్రీ చేస్తున్నారా?"

"జేబు దగ్గర మరక. మూడుసార్లు ఉతికాను. పెట్టె వేడికి ఇంకా పైకి తేలుతోంది."

"అది పోదు." నెల్సీ నవ్వింది. "పచ్చలన్నిటికీ సన్నని పగుళ్ళే. అవి కనపడకుండా నూనెలో నానబెడితే ఆ పగుళ్ళు తాగేస్తాయి. ఒంటి వేడి తగిలితే కక్కేస్తాయి. మా వీధిలో మరకలేని జేబు కనిపిస్తే, ఆ పెద్దమనిషి ఉల్లిపాయలు అమ్ముతున్నాడని అర్థం."

ఆమె నవ్వు అంతలోనే తగ్గిపోయింది. ఈ రోజు పన్నెండింటికి టీవీలో లైవ్. గని కార్మికుల సహకార సంఘం పదకొండేళ్ళు తవ్వితే దొరికిన పచ్చ. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఓపికరాలు. విదేశీ కొనుగోలుదార్లు తెచ్చిన యంత్రం కింద అందరి ముందూ దాన్ని పరీక్షిస్తారు. భూమిలో పుట్టిందని తేలితే పదేళ్ళ ఒప్పందం. పచ్చల ల్యాబ్‌లో దాన్ని పరీక్షించి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది నెల్సీ.

"ఏదైనా తేడా వస్తే జైలు నాకే. తమరికి కాదు, కంగారుపడకండి," అంటూ కోటు తొడుక్కుంది. "తమరు మీ బీమా ఆఫీసులో హాయిగా ఫైళ్ళు తిప్పుకోండి."

భర్త బీమా కంపెనీలో గుమాస్తా అని ఆమె నమ్మకం.

తలుపు మూసుకున్న రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

"తోటకి నీళ్ళు పెట్టారా?"

"వాన సరిపోయింది," అని సంకేతానికి బదులిచ్చాడు ఎవారిస్తో.

"కింద రొట్టెల వ్యాను ఉంది. దిగు."

వ్యానులో బుట్టల మధ్య అతని పైఅధికారి కల్నల్ మొన్సాల్వే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫైలు, చేతిలో చీజ్ రొట్టె.

"దోన్ పొలికార్పోని చెవి వెనక సూదితో పొడిచి చంపేశారు. టోపీ పెట్టుకున్న ఒకావిడ ధర అడుగుతున్నట్టు ఆయన మీదికి వంగిందట. కాఫీ అమ్మే ఆవిడ చూసింది. మొహం మాత్రం సరిగ్గా కనపడలేదట."

"ఎవరి పని?"

"తోటమాలి."

ఆ పేరు విన్నవాళ్ళే తప్ప ఆ మనిషిని చూసినవాళ్ళు లేరు. సముద్రం అవతల ఎక్కడో, ఉక్కు గొట్టాల్లో, సలసల కాగే నీటిలో పచ్చల్ని పెంచే ముఠాకి నాయకుడు. భూమి లక్షల ఏళ్ళు తీసుకునే పనిని వాళ్ళు ఆరు వారాల్లో కానిచ్చేస్తారు. అసలు పచ్చ లోపల పొగలా, నాచులా కనిపించే మచ్చల్ని ఈ వీధిలో తోట అంటారు. ఆ తోటను కూడా నాటేస్తున్నాడు కాబట్టే అతనికి ఆ పేరు.

"రెండు వారాల క్రితం ఓపికరాలిని మార్చేశారు," అన్నాడు కల్నల్. "వేదిక మీద ఉన్నది నకిలీ. దోన్ పొలికార్పో ఈ ఉదయం దాన్ని చివరిసారి చూడాల్సింది. చూస్తే కంటితోనే పట్టేసేవాడు. అందుకే లేపేశారు."

"కార్యక్రమం ఆపేద్దాం."

"ఆపితే పుకారు పుడుతుంది. పుకారు చాలు, కొలంబియా పచ్చను లోకంలో ఎవడూ ముట్టడు. గనులు మూత. మీ ఆవిడ జైల్లో. తోటమాలి కోరేది అదే. కానీ మనకి అదృష్టం కలిసొచ్చింది. ముఠాలో రెండేళ్ళుగా ఉన్న మన మనిషి కందేలారియా ఈ కబురు చెప్పి, అసలు రాయిని కూడా దొంగిలించి తెచ్చింది. పదకొండుంబావుకి కాఫీ హోటల్లో నీకు అందిస్తుంది. పన్నెండులోపు వేదిక మీద నువ్వు రాళ్ళు మార్చాలి."

"మన అతినీలలోహిత టార్చితో ఒకసారి చూస్తే?"

"పనికిరాదు. పాత ల్యాబ్ రాళ్ళు ఆ వెలుగులో ఎర్రగా మండేవి. ఈసారి వాడు ఇనుము కలిపాడు. నల్లగా పడుంటుంది, అసలు దానిలాగే. కొనుగోలుదార్ల యంత్రం ఒక్కటే పట్టగలదు."

కల్నల్ ఒక మడత కాగితం ఇచ్చాడు. పసుపు రంగు తిరిగి, మెత్తబడి, పాత రూపాయి నోటులా ఉంది.

"ముసలాయన గుప్పిట్లో దొరికింది. ఖాళీది. గని నుంచి తెచ్చాక రాయిని నలభై రోజులు ఇందులోనే జేబులో మోశాడట. లోపల బరువు, కొలతలు రాసి ఉన్నాయి. కందేలారియా ఇచ్చేదానితో సరిచూసుకో."

ఎవారిస్తో దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కాఫీ హోటల్ అరుగు మీద గాలి ఈడ్చి కొడుతోంది. కందేలారియా ఆకుపచ్చ సూటులో, వెడల్పాటి టోపీ కింద, పత్రిక ముఖచిత్రంలా కూర్చుంది. ఒక చేత్తో టోపీ అదిమి పట్టుకుంది. రెండో చేతిలో సిగరెట్.

"మీరు పచ్చ వేసుకుంటారా?" సంకేతం అడిగాడతను.

"మంగళవారాల్లో మాత్రం కాదు." ఆమె నవ్వింది. "కూర్చో పద్నాలుగూ. లావయ్యావు."

"పెళ్ళయింది."

"విన్నాను. పాపం."

"ఎవరు, నేనా?"

"ఇంకా తేల్చుకోలేదు." సిగరెట్ నలిపేసి, అదే చేత్తో జాకెట్ లోపలి నుంచి చిన్న పొట్లం తీసింది. కొత్త కాగితం, తెల్లగా, గట్టి మడతలతో. "రెండు వారాలు పగలూ రాత్రీ ఇక్కడే, గుండెకి ఆనించి మోశాను. ఏ మగాడికీ దక్కని అదృష్టం. జాగ్రత్త."

పొట్లం విప్పాడు. వేలిగోరంత పచ్చ. లోపల సన్నని నాచు తీగలు. బరువు సరిపోయింది. కొలతలు సరిపోయాయి.

"తోటమాలి ఎలా ఉంటాడు?"

"ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉంటాడు," అని లేచింది. గాలి మళ్ళీ కొట్టింది. ఆమె చెయ్యి టోపీని వదల్లేదు.

పదకొండూ యాభై రెండు. నీలం ఓవరాలు, అంటించుకున్న మీసం, చెవుల దాకా టోపీ. టీవీ లైట్లు మోసే పనివాడి వేషంలో ఎవారిస్తో వేదిక ఎక్కాడు. చెవిలో చిన్న స్పీకరు. గాజు పెట్టెలో నల్ల మఖమలు మీద ఓపికరాలు. పక్కన మూత వేసిన ఇనప పెట్టెలా విదేశీ యంత్రం. ముందు వరసలో రువానాలనే ఉన్ని దుప్పట్లు కప్పుకున్న గని కార్మికులు. సంతలో తప్పిపోయిన పిల్లల్లా ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. వేదిక చివర నెల్సీ. ఇస్త్రీ చేసిన తెల్లకోటు, తెల్లబడిన మొహం. భర్త వైపు చూసింది. పనివాడే కనిపించాడు. చూపు తిప్పుకుంది.

పదకొండూ యాభై ఆరు. లైట్లు ఆరిపోయాయి. కల్నల్ ఏర్పాటు.

"నలభై సెకన్లు," చెవిలో కల్నల్ గొంతు. "కానీ."

దొంగ తాళంచెవితో పెట్టె తెరుచుకుంది. ఎవారిస్తో చీకట్లో తెల్ల పొట్లాన్ని బయటికి తీసి, బొటనవేలితో విప్పాడు. కాగితం పెళపెళలాడింది.

పెళపెళలాడింది.

అతని చెయ్యి ఆగిపోయింది. రెండో చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళి, దోన్ పొలికార్పో కాగితాన్ని తడిమింది. అది మెత్తగా ఉంది, జిడ్డుగా ఉంది. వేలు జారుతోంది. ఇస్త్రీ పెట్టె కింద పైకి తేలిన మరక కళ్ళ ముందు మెదిలింది. ఒంటి వేడి తగిలితే కక్కేస్తాయి, అంది నెల్సీ.

రెండు వారాలు గుండెకి ఆనించి మోసిన పచ్చ. కాగితం మాత్రం అప్పడంలా పొడిగా ఉంది.

అంటే తన చేతిలో ఉన్నదే నకిలీ. ఓపికరాలిని ఇంతవరకూ ఎవరూ మార్చలేదు. ఇప్పుడు మార్చబోతున్నది తనే.

"ఇరవై సెకన్లు. అయిందా?"

"కల్నల్, పెట్టెలో ఉన్నదే అసలుది."

"మతి పోయిందా రొబాయో? మార్చు! ఇది ఆర్డర్!"

ఒకవేళ తను పొరబడితే? రెండూ నకిలీలైతే? నెల్సీ సంతకం, ముందు వరసలోని ఆ చేతులు... ఎవారిస్తో పెట్టె మూత వేశాడు. చెవిలోంచి స్పీకరు పీకేశాడు. పక్కనున్న పెద్ద లైటు స్టాండును ఈడ్చి, గాజుకు జానెడు దూరంలో నిలబెట్టాడు.

లైట్లు వెలిగాయి.

పదకొండూ యాభై ఏడు. పచ్చ మెరుస్తోంది. తడి లేదు. యాభై ఎనిమిది. లైటు సెగకి అతని అంటించుకున్న మీసం ఒక కొస ఊడింది. రాయి పొడిగానే ఉంది. మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. హాలు చివర, తలుపు పక్కన, వెడల్పాటి ఆకుపచ్చ టోపీ. ఆమె గడియారం చూసుకుంటోంది.

యాభై తొమ్మిది. యంత్రం మూత తెరిచారు.

అప్పుడు రాయి అంచున, ఆవగింజలో సగం, ఒక మెరుపు పుట్టింది. ఉబ్బింది. జారింది.

"ఒరేయ్ లైటబ్బాయ్!" వేదిక చివరి నుంచి నెల్సీ కేక. "బుద్ధుందా నీకు? అంత దగ్గరా పెట్టేది? రాయికి చెమట పడుతోంది! నూనె మొత్తం కారిపోతుంది! తియ్యి వెనక్కి!"

పుట్టి బుద్ధెరిగాక అంత తియ్యటి తిట్టు ఎవారిస్తో వినలేదు. లైటు వెనక్కి లాగాడు.

పన్నెండు. యంత్రం రాయిని మింగింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

ముందు వరసలో ఒక కార్మికుడు టోపీలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. చప్పట్ల మధ్య ఎవారిస్తో హాలు చివరికి చూశాడు. తలుపు ఊగుతోంది.

మూడంతస్తుల మెట్లు దూకుతూ దిగాడు. కింద పచ్చల వీధిలో మళ్ళీ మబ్బు పట్టింది. కందేలారియా కూడలి మధ్యలో, గాలికి టోపీ పట్టుకుని, వేగంగా నడుస్తోంది.

"మేడమ్! టోపీ పిన్ను ఏమైంది?"

ఆమె ఆగింది. గాలి విసిరింది. టోపీ ఎగిరి రాళ్ళ మీద దొర్లింది. మొదటిసారి ఆమె మొహం పూర్తిగా బయటపడింది.

"ఈవిడే!" ఫ్లాస్కు వదిలేసి దోన్యా ఫిదేలా అరిచింది. "పొద్దున తాత మీదికి వంగింది ఈవిడే! అప్పుడు టోపీకి ముత్యం పిన్ను ఉంది!"

వంద మంది వ్యాపారులు కాగితాలు జేబుల్లో పెట్టుకున్నారు. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. నాలుగు వైపుల నుంచీ నడిచి వచ్చి, భుజానికి భుజం ఆనించి, ఆమె చుట్టూ నిలబడ్డారు. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు.

ఆ మౌనానికి కందేలారియా కూడా, ఇన్నాళ్ళూ ఎవరూ చూడని ఆ తోటమాలి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముసలాయన్ని చంపింది రాయి మారిందని చెబుతాడని కాదు," అన్నాడు ఎవారిస్తో. "మారలేదని చెప్పేస్తాడని."

"పదకొండు ల్యాబుల్ని దాటొచ్చిన రాయి అది," అంది కందేలారియా, గొంతులో పౌరుషం దాచుకోలేక. "ఎలా తెలిసింది? ఏ యంత్రం?"

"ఇస్త్రీ పెట్టె."

ఆమెకు అర్థం కాలేదు. అతను తెల్ల పొట్లాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"చాలా బాగా చేశారు మేడమ్. తోట కూడా నాటారు. కానీ ఒక్క పగులూ లేదు. నూనె ఎక్కడ నిలుస్తుంది?"

రొట్టెల వ్యాను వచ్చి ఆగింది. కల్నల్ దిగి ఆమె చేతులకి బేడీలు వేశాడు. వాళ్ళు వెళ్ళాక వ్యాపారులు చర్చి గోడ దగ్గర దోన్ పొలికార్పో నిలబడే చోటును ఖాళీగా వదిలి, ఎవరి చోటుకు వాళ్ళు వెళ్ళారు.

ఆ సాయంత్రం నెల్సీ ఇల్లంతా తిరుగుతూ గెలుపు కథ చెప్పింది, చెప్పిందే చెప్పింది. లైటు పనివాడి దగ్గరికి వచ్చేసరికి పళ్ళు కొరికింది.

"అంత మొద్దుని నా జన్మలో చూళ్ళేదు! తమరుంటే వాడి చెవి మెలిపెట్టేవారు."

"తప్పకుండా," అన్నాడు ఎవారిస్తో, చాక్లెట్ కప్పులో చీజ్ ముక్క వేసుకుంటూ.

"పొద్దున తమరు నా కోటు ఇస్త్రీ చేశారుగా. ఇప్పుడు తమరి చొక్కా నేను చేస్తాను," అని ఆమె పెట్టె వేడి చేసింది. కాలరు అయింది. చేతులు అయ్యాయి. తర్వాత జేబు.

చప్పుడు ఆగిపోయింది.

"తమరూ."

"ఊఁ?"

నెల్సీ చొక్కాను దీపం ముందు ఎత్తి పట్టుకుంది. జేబు మధ్యలో వేలిగోరంత మరక, వేడికి మెల్లగా పైకి తేలుతోంది.

"బీమా ఆఫీసులో తమరికి పచ్చలు ఎవరిస్తున్నారు?"

పదకొండు ల్యాబుల్ని దాటిన రాయిని పట్టుకున్న ఏజెంట్ 14, పెళ్ళయిన ఇరవైమూడో రోజున, పెళ్ళాం చేతికి జేబుతో సహా దొరికిపోయాడు.