ముడవని వేళ్లకు పిడి

పాలు పొంగే వేళకే సదాశివ వెనుక వరండాలో ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో వడ్రంగిగా చేసి రిటైరైన మనిషి. పాత రంపపు బ్లేడును అరగదీసి కోడలికి కూరగాయల కత్తి చేశాడు. ఇప్పుడు దానికి తుమ్మచెక్క పిడి చెక్కుతున్నాడు.

“బిడ్డా, జెర ఇటు రా.”

కోడలు అనుపమ వచ్చింది. చపాతీ పిండి ముద్ద ఆమె కుడిచేతిలో పెట్టాడు. “గట్టిగ పట్టు.” పనిముట్ల పిడులకు ఆయన కొలత తీసే పద్ధతే అది.

ముద్ద మీద మూడు వేళ్ల గుర్తులే పడ్డాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడవలేదు. అవి విరిగిన రోజు సదాశివ ఊళ్లో లేడు.

“బాత్రూంల జారితే ఈ రెండు వేళ్లే ఎట్ల విరిగినయ్?”

“జారింది, పడ్డది. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?” వంటింట్లోంచి భార్య శారదమ్మ అంది. ఇటు తిరగలేదు.

అనుపమ చూపు పడకగది తలుపు మీదికి పోయి, వెంటనే పిండి ముద్ద మీదికి వచ్చింది. సదాశివ ముద్దను పీట మీద పెట్టుకుని, ఆ రెండు వేళ్లు చాచి ఆనుకునేలా చెక్కను పలచగా గీయసాగాడు.

ఆ చప్పుడుకు కొడుకు లేచి వచ్చాడు.

“పొద్దుగాల్నే ఏందీ గీకుడు? నిద్ర సుత పోనియ్యరా?” విజయేందర్ కత్తి అందుకున్నాడు. “గిదేం పిడి? గిట్ల వంకరగున్నది?”

“నీ చేతికి పట్టదు. ముడవని వేళ్లకు చేసిన.”

విజయేందర్ ముఖం మారింది. “ఏం చెప్పినవే నాయినకు?” అనుపమ జుట్టు పట్టి తలను గోడకు కొట్టాడు. గిన్నెల స్టాండు కూలింది. అడ్డం వచ్చిన తండ్రిని ఒక్క తోపు తోశాడు. సదాశివ వెళ్లి రుబ్బురోలు మీద పడ్డాడు.

“రెండో చెయ్యి సుత గట్లనే చేస్తా!” విజయేందర్ కత్తి ఎత్తాడు.

“పిడికి ఇంక రివెట్లు కొట్టలేదురా, ఇడువు!” తండ్రి అరిచాడు.

విజయేందర్ వినకుండా కత్తిని అనుపమ మీదికి విసురుగా దించాడు. బిగించని పిడిలో బ్లేడు తిరిగి అతని అరచేతిలోనే దిగింది. చెక్కపొట్టు ఎర్రబడింది.

పక్కింటి మేబెల్ పరుగున వచ్చింది. “ఏమైంది వదినా? ఇంత నెత్తురేంది?”

“ఏం లేదాంటీ, జారి పడ్డ,” అన్నాడు విజయేందర్, చెయ్యి అదిమి పట్టుకుని. “అమ్మా, చెప్పు.”

శారదమ్మ నోరు తెరిచింది. గోడ పక్కన కూలబడిన కోడలి నుదుటి నుంచి రక్తం కారుతోంది.

“లేదు మేబెల్. నా కోడలి మీదికి కత్తి లేపిండు. ఆనాడు దాని వేళ్లు తలుపుసందుల పెట్టి నొక్కింది సుత వీడే. నా కండ్లతోని చూసిన. నీకు అబద్ధం చెప్పిన, మీ సదాశివన్నకు సుత. పోలీసోళ్లకు ఫోన్ చెయ్యి.”

“అమ్మా!”

ఆమె కొడుకు వైపు చూడలేదు. కోడలి పక్కన నేల మీద కూర్చుని, ముడవని ఆ రెండు వేళ్లను తన గుప్పిట్లోకి తీసుకుంది. వేళ్లు విరిగిన రోజు కూడా ఏడవని అనుపమ ఇప్పుడు ఏడ్చింది.

చాలాసేపటికి ఆమె చూపు పీట మీద మిగిలిన పిండి ముద్ద మీద ఆగింది.

“ఆ పిడి వద్దు మామా,” అంది. “ఇంకోటి చెయ్యి. కొలత అదే.”