బయటి గడియ

కిందటేడు ఫిబ్రవరి నాలుగు, రథసప్తమి. చిక్కుడాకులో పెట్టిన పరమాన్నం దేవేంద్ర ఇంకా తింటూనే ఉన్నాడు. అసిరమ్మ రొప్పుతూ వచ్చి డిటెక్టివ్ ఈశ్వరి గుమ్మంలో కూలబడింది. ఆమె ఆమదాలవలస దగ్గర ఒక పాత జమీందారీ మేడలో వంటమనిషి.

"మా సూడామణమ్మని రేపు తెల్లారితే పిచ్చాసుపత్రికి పంపేస్తారంటమ్మా! మతి పోయి, రాసిన పుస్తకమంతా పాలపొయ్యిలో ఎట్టీసిందని మేనల్లుడు ఉపేంద్రబాబు అంతన్నాడు."

ఈశ్వరి ముందు ఆమెకు మంచినీళ్లు, ఒక ఆకు పరమాన్నం ఇప్పించి, తర్వాతే చెప్పులు వేసుకుంది. ఇలాంటివి చూసే దేవేంద్ర ఆమె దగ్గర సహాయకుడిగా ఉండిపోయాడు.

మేడమీద గదికి గడియ బయట ఉంది. లోపల కిటికీ ఊచలు పట్టుకుని చూడామణి నిలబడి ఉంది.

"వెనకటి ఇంగ్లండులో ఒక ప్రభువు భార్య మీద నవల రాశానమ్మా. ఆవిడా నవలలు రాసేది. రాత ఆవిడది, హక్కు మొగుడిది. అప్పటి చట్టం అలాంటిది. చివరికి గదిలో పెట్టి తాళం వేశాడు." ఆమె నవ్వబోయి ఆగింది. "రాసి రాసి నేనే ఆ గదిలో పడ్డాను."

కింద ఉపేంద్ర తడుముకోకుండా జవాబులు చెప్పాడు.

"పొద్దున్నే ఆ కాగితాలతోనే అత్త పొయ్యి అంటించిందండీ. పొయ్యి చుట్టూ కూర్చుని అందరం ప్రసాదం తిన్నాం. లేవగానే నేనే గదిలో పెట్టి గడియ వేశాను."

"మధ్యలో తీశారా?"

"మీరొచ్చేదాకా తియ్యలేదు. ఒట్టు! మా ఆవిడ విశాలి, అసిరమ్మ అరసవల్లి దర్శనానికి వెళ్లారు. నేనొక్కణ్నే కాపలా ఉన్నాను."

ఆ ఇంట్లో రథసప్తమి బూడిద మర్నాటిదాకా కదపరు. ఈశ్వరి పెరట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. గొబ్బిపిడకల తెల్లని బూడిద మీద నల్లగా ముడుచుకున్న కాగితపు పొరలు దేవేంద్రకీ కనిపించాయి.

సాయంత్రం అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"పొయ్యి అంటించిన కాగితం అడుగున ఉండాలి. ఇది పిడకల బూడిద మీద ఉంది. అంటే వంట అయ్యాక కాల్చింది."

"కర్పూరంతోనే అంటించినామమ్మా. కాగితం సరస్వతి కదా, పొయ్యిలో ఎవులెడతారు?" అంది అసిరమ్మ.

"అయితే తర్వాతే కాల్చిందేమో అత్త!" ఉపేంద్ర గొంతు పెంచాడు.

"ఎలాగ బాబూ? తిని లేవగానే గడియ వేసింది మీరు. తియ్యలేదని ఒట్టేసింది మీరు. ఆ వేళ ఇంట్లో మిగిలిందీ మీరే."

 విశాలి లేచింది.

"సిగ్గు నేదేటి నీకు? మేడ ఆవిడ పేర ఉన్నాదని, లాడ్జి కట్టడానికి సంతకం ఎట్టలేదని, మనిషిని పిచ్చిదాన్ని సేసెస్తావేటి?"

అతను తల దించుకున్నాడు. విశాలే స్క్రూడ్రైవరు తెచ్చింది. దేవేంద్ర మేడమీద గది గడియ ఊడదీసి తలుపుకి లోపలి వైపు బిగించాడు.

"పుస్తకం పోయిందిగా అమ్మా?" అన్నాడు చూడామణితో మెల్లగా.

"కాగితం పోయింది నాయనా. నా నవలలో ఆవిడ్ని ఆ గదిలోంచి ఎలా బయటికి తేవాలో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది."

అసిరమ్మ తెల్లకాగితాలు ఆ గదిలో బల్లమీద పెట్టి వచ్చింది. చూడామణి గుమ్మంలో నిలబడి అందరికీ ఒకసారి చేతులు జోడించింది. చప్పుడు కాకుండా తలుపు మూసి, లోపలినుంచి గడియ వేసుకుంది.