పేరు చెప్పని తాంబూలం

కలకత్తాలో వాద్యగాళ్ళకు కరువా అని ఎవరైనా అడిగితే పోలిరాజుకు ఒళ్ళు మండేది. కరువేమీ లేదు. వాట్‌గంజ్ నుంచి ఎటు నడిచినా గల్లీకో బ్యాండు పార్టీ. ఎర్ర కోట్లు, జరీ టోపీలు, మనిషి దూరేంత ఇత్తడి బూరలు. పెళ్ళి ఊరేగింపైనా, ఎర్రజెండాల ఊరేగింపైనా వాళ్ళకు ఒకటే, వచ్చిన పాటే రెండింటికీ వాయించేస్తారు. పోలిరాజుకు కావలసింది వాళ్ళు కాదు. తన సన్నాయి పక్కన డోలు కొట్టేవాడొకడు, వెనక కూర్చుని శ్రుతి పట్టేవాడొకడు. శ్రీకాకుళం వైపు ఏ అరుగు ముందు నిలబడి కేకేసినా ఆ ఇద్దరూ లేచి వచ్చేవాళ్ళు. ఇక్కడ మనిషి మీద మనిషి పడే జనంలో ఒక్కడూ దొరకడం లేదు.

ఊళ్ళో మేళం చెదిరిపోయాక అక్క కాసులమ్మ రమ్మంటే వచ్చాడు. బావ గవరయ్య ఓడరేవులో కూలీల జట్టుకు మేస్త్రి. మంచివాడే గానీ, పాట చెవిన పడితే పక్కింట్లో తగువు వినపడ్డట్టు మొహం పెడతాడు. ఓరోజు అన్నాల దగ్గర బావమరిది ముందు ఒక ఇనప కొక్కెం తెచ్చి పెట్టాడు. గోనె మూటలు లాగే కొక్కెం అది.

"నీ సన్నాయిని నానేటీ అన్ను. అమ్మోరి పండక్కి మేళం కట్టు. బస్తీ పెద్దలు బాగుందంటే ఇక్కడి పెళ్ళిళ్ళన్నీ నీవే. కట్టనేకపోతే ఆ మర్నాడే నా జట్టులోకి రా" అన్నాడు గవరయ్య.

పోలిరాజు బావ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు. వేళ్ళన్నీ లోపలికి వంకరపోయి, అన్నం ముద్ద నోటికి అందేలోపు సగం కంచంలో రాలిపోయేది. ఒక్క వానాకాలం ఆ కొక్కెం పట్టాడంటే, సన్నాయి కంతల మీద ఇక వేలు ఆడదు. పోలిరాజుకు చావంటే కూడా అంత భయం లేదు. ఆ వేళ్ళంటే భయం.

డోలు వాడు వీధి కొళాయి దగ్గర దొరికాడు. నీళ్ళ కోసం బారులో నిలబడ్డ ఒక బక్కపలచటి మనిషి, విసుగుపుట్టి ఖాళీ డబ్బా మీద వాయిస్తున్నాడు. కుడిచేతిలో పుల్ల, ఎడమచేత్తో అరచేతి దెబ్బ. ఆ దెబ్బ పడే తీరు చూసి పోలిరాజు తన బిందె వదిలేసి వెళ్ళి వాడి భుజం పట్టుకున్నాడు.

"ఏ వూరు బాబూ మీది?"

"టెక్కలి పక్క. మా తాత డోలు కొట్టేవోడు మావా. నాను మునిసిపాలిటీలో మురుగ్గోతులు కొడతన్నాను" అని పళ్ళికిలించాడు వాడు. పేరు బైరాగి. తాత డోలు ఇంకా ఇంట్లో దూలానికి వేలాడుతోందట, ఎలుకలు కొరక్కుండా.

ఇక మిగిలింది శ్రుతి వాడు. శ్రుతి బూర చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది, కాకపోతే వేళ్ళకు పనుండదు. ఒకటే స్వరం. మేళం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తెగకుండా ఊదుతూ ఉండాలి. బుగ్గలో గాలి నిలుపుకుని, ఊదుతూనే ముక్కుతో ఊపిరి తీసుకోవాలి. పేరు రాని పని, మెప్పు రాని పని. కానీ అది లేకపోతే సన్నాయికి కాలు కింద నేల ఉండదు. పోలిరాజు మెటియాబ్రుజ్ దర్జీ కొట్లు తిరిగాడు, టికియాపారా రైలు క్వార్టర్లు తిరిగాడు. ఒక కుర్రాడైతే బూర అటూ ఇటూ తిప్పి చూసి, "ఒకటే కూతా? గంటలకొద్దీనా? నా వల్ల కాదు దాదా" అని బంతాటకు పరిగెత్తాడు. పండగ దగ్గరికొచ్చేసింది.

శ్రుతి లేకపోయినా ముందు ఇద్దరం ఒకసారి కూర్చుందాం అన్నాడు బైరాగి. బస్తీలో కూర్చుంటే పిల్లలు నిద్రపోరని తగువులు. అందుకని గంగ ఒడ్డున ఖాళీగా పడున్న పాత గోదాము చూశాడు. అక్కడి బీహారీ దర్వాను బైరాగికి తెలిసినవాడు, తాళం తీసి తన గుడిసెలోకి పోయాడు.

ఆషాఢం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ. ఆఫీసులు వదిలిన జనం అవతల రోడ్డు మీద తొక్కిసలాడుతున్నారు, వాళ్ళ గోల గోదాములోకి సన్నగా వినపడుతూనే ఉంది. లోపల మాత్రం తడిసిన జనపనార కంపు, దాని కింద నది బురద కంపు. పైన రేకుల మీద వాన చినుకు మొదలైంది. ఎత్తున ఉన్న కిటికీలోంచి వీధిలైటు వెలుగు ఒక ముక్క నేల మీద పడుతోంది. ఆ వెలుగులో చాప పరిచారు.

పోలిరాజు మూట విప్పాడు. కొత్త మేళం కూర్చునేటప్పుడు వాళ్ళ వైపు ఒక పద్ధతి ఉంది. ప్రతి వాద్యం ముందూ తాంబూలం పెట్టి, వాయించేవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. వాడు ఆకు అందుకుంటే మేళానికి కట్టుబడ్డట్టు. ఇక చివర మంగళం వాయించి, మళ్ళీ అదే పేరు పెట్టి పిలిచి సెలవిచ్చేదాకా వాద్యం దించకూడదు. పోలిరాజు తండ్రి ముప్పొద్దులా తిండి మానేసినా ఇది మానేవాడు కాదు.

"బైరాగీ, పట్టు" అన్నాడు పోలిరాజు. బైరాగి ఆకు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

తర్వాత పోలిరాజు శ్రుతి బూర తీసి తన వెనక, చాప చివర పెట్టాడు. దాని ముందు కూడా ఆకూ వక్కా పెట్టాడు.

బైరాగి నమలడం ఆపేశాడు. "అదేటి మావా?"

"సోటు కాళీగా ఉండకూడదురా."

"పేరెట్టకుండా తాంబూలం ఎట్టకు. ఇక్కడ అసలొద్దు." బైరాగి గొంతు తగ్గించాడు. "గంగలో తేలిన పీనుగుల్ని ముందు ఈ గోదాములోనే పడుకోబెడతాం. బండొచ్చిందాకా. నానూ మోసాను. ఒక్కడికీ పేరుండదు మావా. ఆళ్ళ కోసం ఎవులూ రారు."

పోలిరాజుకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఇన్నాళ్ళు కాళ్ళరిగేలా తిరిగిన కసి అంతా నోటికొచ్చింది. "ఈ ఊళ్ళో ఎవుల పేరు నాకు తెలుసురా పెట్టడానికి? నా పేరు మాత్రం ఎవులికి తెలుసు?" అని, వెనక్కి చూడకుండానే గట్టిగా అన్నాడు. "ఎవులైనా సరే. వొచ్చి పట్టుకోండి!"

ఆ మాట రేకులకు తగిలి తిరిగొచ్చింది. బైరాగి గబగబా డోలు మీద దెబ్బ వేశాడు, ఆ మాటను చెరిపేయాలన్నట్టు.

మొదలుపెట్టారు. మొదట్లో సన్నాయి తడబడింది, డోలు కంగారుపడింది. ఇంతలో కరెంటు పోయింది. కిటికీలో వెలుగు, ఒడ్డున దీపాలు అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. లోడ్‌షెడ్డింగు. కలకత్తాలో అది రోజూ ఉండేదే, దానికి ఎవరూ పాట ఆపరు. వేళ్ళకు దీపం ఎందుకు?

చీకట్లో పోలిరాజు వెనక... శ్రుతి మొదలైంది.

మెల్లగా, సన్నగా వచ్చింది. తర్వాత నిండుగా నిలబడింది. పోలిరాజు గుండె ఎగిరి గంతేసింది. ఎవడో మనవాడే! రోడ్డున పోతూ సన్నాయి విని, వాన తప్పించుకోడానికి లోపలికొచ్చి, ఆకు చూసి కూర్చున్నాడు. మేళం పెద్ద వెనక్కి తిరిగి చూడడం మర్యాద కాదు. పోలిరాజు చూడలేదు. కళ్ళు మూసుకుని వాయించాడు. జన్మలో ఎప్పుడూ అలా వాయించలేదు. వేలు పెట్టిన చోట స్వరం, అనుకున్న చోట గమకం. శ్రుతి అతన్ని ఎత్తి పట్టుకుంది. వీడు ఒక్కడుంటే చాలు, కొక్కెం బాధ తీరిపోయింది అనుకుని, ఏడుపొచ్చేంత సంతోషపడ్డాడు.

ఎంతసేపు వాయించాడో తెలియదు. ఒకచోట తాను ఊపిరి తీసుకోడానికి ఆగాడు. అప్పుడు విన్నాడు.

వెనక శ్రుతి తెగలేదు. అది సరే, శ్రుతి తెగకూడదు. కానీ ఎంత గట్టివాడికైనా ముక్కుతో గాలి లాగే చప్పుడుంటుంది. బుగ్గ మారినప్పుడు స్వరం రవ్వంత వణుకుతుంది. ఇక్కడ చప్పుడు లేదు. వణుకు లేదు. పోలిరాజు చెవి పెట్టి వింటూ వాయించాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ విన్నాడు.

వాడు ఊపిరి తీయడం లేదు.

నది బురద కంపు ఇప్పుడు చాలా దగ్గరగా ఉంది. మెడ వెనక.

మెరుపు మెరిసింది. డోలు ఒక దెబ్బ తప్పింది. ఎదురుగా కూర్చున్న బైరాగి, పోలిరాజు భుజం మీదుగా చూస్తున్నాడు. వాడి నోరు తెరుచుకునే ఉంది.

"మావా..." గుసగుసగా అన్నాడు. "ఎనక్కి సూడకు."

సన్నాయి నోట్లో ఉన్నవాడు ఏమని అడగగలడు? కళ్ళతోనే అడిగాడు. చీకట్లో ఆ కళ్ళు ఎవరికి కనపడతాయి?

"ఆపకు మావా... మంగళం ఎత్తుకో. బేగి ఎత్తుకో."

పోలిరాజు మంగళం ఎత్తుకున్నాడు. పెదాలు వణికి సన్నాయి పీక జారిపోతోంది. ఎలాగో ముగించాడు. సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బైరాగీ... సెలవు" అన్నాడు. డోలు ఆగింది.

శ్రుతి ఆగలేదు.

"సెలవు నాయినా. మేళం అయిపోయింది."

ఆగలేదు. ఇంకా పెరిగింది. చాప కింద నేల అదురుతోంది. పళ్ళు జివ్వుమంటున్నాయి.

"పేరెట్టి సెప్పు మావా! పేరెట్టకపోతే ఎలగెల్తాడు?" బైరాగి ఏడుస్తున్నాడు.

"పేరు నాకు తెలవదురా..."

పోలిరాజు వెనక్కి తిరగకుండా, ఎంతో మెల్లగా అడిగాడు.

"నీ పేరేటి?"

శ్రుతి ఠక్కున ఆగిపోయింది.

రేకుల మీద వాన. అంతే. చల్లటి బురద వాసన చెవి దగ్గరకు వచ్చి ఆగింది. ఆ చెవిలో, ఆలోచించి ఆలోచించి ఒకటి ఎంచుకున్నట్టు, ఒక గొంతు చెప్పింది. ఆ గొంతు పోలిరాజుదే.

"పోలిరాజు."

వెంటనే శ్రుతి మళ్ళీ లేచింది. ఈసారి తల బద్దలయ్యేలా. మళ్ళీ మెరిసిన మెరుపులో, బైరాగి ముక్కులోంచి ఏదో కారుతోంది, చేత్తో తుడుచుకుంటూ అరుస్తున్నాడు, అరుపు వినపడడం లేదు. పోలిరాజుకు ఆ క్షణంలో ఒకటే కావాలి. అది ఆగాలి. ఎలాగైనా ఆగాలి.

"పోలిరాజూ!" అని అరిచాడు. "సెలవు! ఎల్లిపో!"

ఆగింది.

చొక్కా విప్పేసినట్టు ఒళ్ళు తేలికైంది. పోలిరాజు నేల మీద అలాగే వాలిపోయి, కళ్ళు మూసుకుని కాసేపు ఉన్నాడు. హమ్మయ్య అనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి కరెంటు వచ్చింది. కిటికీ వెలుగు చాప మీద పడింది. సన్నాయి కోసం తడిమాడు. లేదు. బైరాగీ లేడు.

లేచి బయటికి పరిగెత్తాడు. వాన జోరుగా పడుతోంది. డోలు మీద గోనె కప్పుకుని, ముద్దగా తడిసిన బైరాగి ముందు నడుస్తున్నాడు. పక్కన ఇంకో మనిషి. ఆ మనిషి చంకలో సన్నాయి ఉంది. దర్వాను సాయం వచ్చాడేమో అనుకున్నాడు పోలిరాజు.

"గండం గడిసింది మావా" అంటున్నాడు బైరాగి, ఆ మనిషితో. "ఇంకెప్పుడూ ఆ దిక్కుకి పోవొద్దు."

"బైరాగీ!" అని పిలిచాడు పోలిరాజు. బైరాగి తిరగలేదు. పక్క మనిషి మాత్రం నడక కొంచెం నిదానించి, మళ్ళీ బైరాగితో అడుగు కలిపాడు.

పోలిరాజు వాళ్ళ వెనకే బస్తీ దాకా వచ్చాడు. ఎంత పరిగెత్తినా వాళ్ళను అందుకోలేకపోయాడు. అక్క ఇంటి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి బైరాగి తన గల్లీకి తిరిగిపోయాడు, ఆ మనిషి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. లోపల లాంతరు వెలుగులో గవరయ్య ఆ మనిషిని చూసి ఎన్నడూ లేనంత నవ్వుతున్నాడు.

"రేవు దాకా ఇనిపించిందిరా! పెద్దలంతా ఆగిపోయి ఇన్నారు. ఇంక కొక్కెం మాటెత్తను. మేళం నీదే. రా, కూకో."

పోలిరాజు గడప దాటబోయాడు. కాలు కదల్లేదు. అప్పా, నానిక్కడున్నాను అని అక్కను కేకేద్దామని నోరు తెరిచాడు. వచ్చింది మాట కాదు. ఒకటే స్వరం. తెగకుండా, వణక్కుండా. ఆపుదామన్నా ఆగడం లేదు.

గవరయ్య తల పక్కకు వంచి విన్నాడు. "ఏదో ఓడ కూస్తన్నాది" అన్నాడు.

కాసులమ్మ కంచం పెట్టి, తమ్ముడి వేళ్ళు పట్టుకుని చూసింది. ఉలిక్కిపడింది.

"ఏట్రా, సేతులింత సల్లగున్నాయి?"

"వోనలో తడిసాను గదప్పా" అంది ఆ గొంతు.

అతని చొక్కా మీద ఒక్క చుక్క తడి లేదు.