డన్‌రాక్ కోట దొరసాని

మిట్టమధ్యాహ్నం... అమావాస్య... 1999 డిసెంబరు! డిసెంబరులో ఎండలు కాసే ఆ పరదేశపు ఊరు బ్లాక్‌టౌన్ మీద కారుమేఘాలు కమ్ముకొచ్చి పట్టపగలే చీకటి పడింది. పెరట్లో యూకలిప్టస్ కొమ్మ మీద, మనిషి నవ్వులా కూసే కూకబర్రా పిట్ట వికటాట్టహాసం చేసింది. ఉరుము... మరో ఉరుము!

ముగ్గు మధ్య కూర్చున్న కాత్యాయనికి కాళ్ళూ చేతులూ కదలడం లేదు. ఎదురుగా రక్తవర్ణ వస్త్రాల్లో శేషాచలం. అతని ముందు కుంకుమ పూసిన కపాలం! గ్రహశాంతి చేస్తానంటే నమ్మి పిలిచింది, పిచ్చిది. నమ్మక ఏం చేస్తుంది? సంవత్సరం 2000కి మారగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయంతో భర్త చలపతి ఆఫీసులోనే పడుంటున్నాడు. "అన్నం తిన్నావామ్మా?" అని తెలుగులో అడిగినవాడు ఈ ఊళ్ళో ఈ మనిషొక్కడే. ఆ ఒక్క మాటకే ఆమె కరిగిపోయింది.

"అంకుల్... ప్లీజ్... నన్ను వదిలేయండి!"

"వదలడమా? సాంబ్రాణి ఆరేలోగా నీ ప్రాణం పోతుంది! నీ దేహంలోకి ఈ కపాలం తాలూకు స్కాట్లాండ్ దొరసాని వస్తుంది. నాలుగువందల ఏళ్ళ ప్రేతం... ఇక నా దాసి!"

శేషాచలం మంత్రం అందుకున్నాడు. "డన్‌రాక్ ప్రభువు ఇల్లాలా! ఎల్స్పెత్ డన్‌రాక్! ఆవహించు... ఆవహించు!"

కపాలం కళ్ళగుంటల్లో నీలిజ్వాల! హిమశీతల వాయువు కాత్యాయని గొంతులోకి దూరింది. దానితోపాటు ఒక బతుకంతా వచ్చేసింది... పద్నాలుగేళ్ళకే పెళ్ళి. పుట్టింటి భూముల కోసం మంత్రగత్తె అని నిందవేసి, బురుజులో పెట్టి తాళం వేసిన మొగుడు. తొమ్మిది శీతాకాలాలు పలకరించే దిక్కులేక గోడతో మాట్లాడుకుంటూ పోయిన ప్రాణం. కాత్యాయనికి భయం పోయి ఏడుపొచ్చింది.

ఆమె పెదవులు కదిలాయి. గొంతు మాత్రం ఆమెది కాదు!

"మూర్ఖుడా! ఎవర్ని పిలిచావు? మా దేశంలో పెళ్ళయినా ఆడదానికి పుట్టింటి పేరే ఉంటుంది. నేను కిన్‌మోర్ వారి ఆడపడుచుని! నన్ను చంపినవాడి పేరుతో నన్ను కట్టేద్దామనుకున్నావా?"

శేషాచలం మొహంలో నెత్తురు ఇంకిపోయింది. పెళ్ళయ్యాక మొగుడి ఇంటిపేరే కదా అనుకున్నాడు, మనవాళ్ళందరిలాగే. నామం తప్పుగా పలికితే బంధనం లేదు... బంధనం లేని ప్రేతానికి యజమాని లేడు!

"తల్లీ! క్షమించు... ఆఁ..!"

ముగ్గు భగ్గుమంది. నీలిజ్వాల కాత్యాయనిని తాకకుండా అతన్ని నిలువునా చుట్టేసింది. ఆర్తనాదం ఉరుములో కలిసిపోయింది. గుప్పెడు బూడిద మిగిలింది.

కాత్యాయని చేతులు కదిలాయి. ఆ చల్లదనం గొంతు విడిచి, జుట్టు నిమిరి, కిటికీ వైపు సాగింది.

"వెళ్ళిపోతున్నారా? కాసేపు ఉండండి... టీ పెడతాను!"

దయ్యమైతేనేం, తన బాధ తెలిసిన మనిషి. కానీ ఆ చల్లదనం కిటికీ దాటిపోయింది. గదిలో చలి తగ్గి మళ్ళీ ఎండాకాలపు ఉక్క నిండింది. ఇంట్లో పలకరించే దిక్కులేక తనొక్కతే మిగిలిందని అర్థమైంది.

కాత్యాయని అప్పుడు కెవ్వుమని అరిచింది!