నడుమ ఆగిన పిలుపు

"సినుకమ్మా సినుకమ్మా ఏడవోతివే... కందిచేను గట్టు మీద..."

ఆ తర్వాత ఏముందో సుక్కమ్మకు యాదికి రాలేదు. చిన్నప్పుడు గొర్ల ఎంట నడుచుకుంట పాడిన పాట. సగం మిగిలింది, సగం ఎటో పోయింది. చాటలో బియ్యం చెరుగుకుంట ఆ సగాన్నే మళ్లీ మళ్లీ అంటున్నది.

జడ్చర్ల దగ్గర ఆ రెండు గదుల ఇంట్లో పగటి మూడు గంటలకే మసక కమ్మింది. మొగులు పట్టింది గాని చుక్క రాలలేదు. మనుమరాలు నాగరాణి లారీ గుద్ది పాణం పోయి నిన్నటికి పదకొండు దినాలు. కొడుకు పరశురాములు పొద్దుగాలనే గొర్లను తోలుకొని పోయిండు. ఇంట్లో ఉంటే బిడ్డ కూసున్న కుర్చీ కనవడుతదని.

తలుపు కాడ ఎవరో దగ్గిండ్రు. చూస్తే జాషువా. నాగరాణితో కలిసి పనిచేసేటోడు, నకిరేకల్ పిలగాడు. దినాల నాడు గోడకు మొహం పెట్టి ఏడ్చింది అతనే.

"అవ్వా, బువ్వ తిన్నవా?"

"తిన్న బిడ్డా. నువ్వేంది గట్ల ఉరికొచ్చినవ్?"

"నాగరాణి లాప్‌టాప్ జర తెరవాలె."

వాళ్లు దవాఖానలకు సాఫ్ట్‌వేర్ రాస్తరు. డాక్టరు మందు రాయంగనే అందులో ఒక ముక్క ఇంకో ముక్కను పిలుస్తది, ఫలానా మందు ఇయ్యమని. పిలిచేదానికీ పలికేదానికీ నడుమ నాగరాణి ఒకదాన్ని కూసోబెట్టింది. ఇంటర్‌సెప్టర్ అంటరట. ఏ పిలుపైనా ముందు దాని దగ్గర ఆగాలె. అది చూసి సరే అంటేనే పోతది. నడుమ ఒకరున్నరని పిలిచినదానికి తెల్వదు, పలికేదానికీ తెల్వదు.

ఈ సంగతి మనుమరాలు చెప్పిననాడు సుక్కమ్మ పకపక నవ్వింది. "గింతేనా? దొడ్డి సందు కాడ నేను చేసింది గదే కదనే! దానికి నీకు ఏసీ గది కావల్సి వచ్చిందా?"

పొద్దున మంద బయటికి పోయేటప్పుడు సందులో కూసొని ఒక్కొక్క గొర్రె వీపు తడిమేది సుక్కమ్మ. బాగున్నదాన్ని "పోని" అనేది. కుంటేదాన్ని, ముక్కు కారేదాన్ని చెవి పట్టి ఆపేది.

పిల్లకు ఆ మాట ఎంత నచ్చిందో! అరవై ఏండ్లు దాటినంక అవ్వకు అక్షరాలు దిద్దిచ్చింది అదే. తను రాసినది సరిగ్గా పనిచేస్తదో లేదో చూసుకునేటందుకు ఒక ఆట పెట్టింది. పిలుపు వచ్చి ఆగంగనే తెర మీద తెలుగులో అడుగుతది: "అవ్వా, పోనియ్యాల్నా?" సుక్కమ్మ ఒక్కో అక్షరం వెతుక్కొని "పోని" అని కొట్టాలె. "ఇగ నువ్వే నా మేనేజరువు" అని అవ్వ చెంప గిల్లేది.

ఆ ఆటను తీసెయ్యడం మరిచిపోయింది పిల్ల. అది అట్లనే దవాఖానలకు పోయింది.

"మొన్ననే తీసేసినం అవ్వా." జాషువా గుసగుసగా అన్నడు. "ఒక్క అక్షరం మిగలకుంట తీసేసినం. ఇయ్యాల మళ్ల ఆపింది. లేనిది... ఎట్ల ఆపుతది?"

"దేన్ని ఆపింది?"

అతను తల వంచుకున్నడు. "ఆఫీసుల పనిచేసేటోళ్ల పట్టీ నుంచి నాగరాణి పేరు తీసేసే పిలుపును. దాని ఎనుక దవాఖానల పిలుపులన్నీ వరుసగట్టినయి. మందులు అందుతలేవు. ఒక పసిబిడ్డకు నెత్తురు ఎక్కియ్యాలె. కాయితాలు పట్టుకొని నర్సులు ఉరుకుతున్నరు."

ముందు గొర్రె ఆగితే మంద ఆగుతది. అది సుక్కమ్మకు ఒకరు చెప్పనక్కర లేదు.

లాప్‌టాప్ తెరవంగనే గదిలోకి పౌడరు వాసన వచ్చింది. నాగరాణి పూసుకునే గంధపు పౌడరు. దాని కింద ఇంకేదో వాసన... పాడువడ్డ బాయిలోకి వంగి చూస్తే వచ్చేటిది.

తెర మీద ఒక్కటే మాట.

"అవ్వా, పోనియ్యాల్నా?"

జాషువా "పోని" అని కొట్టిండు. అక్షరాలు చెరిగిపోయినయి. మళ్లీ అదే మాట వచ్చింది. "ఆఫీసులో అందరం కొట్టినం. ఎవ్వరి మాటా వింటలేదు. నీ చెయ్యి కావాలె."

సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఈ ఒక్క జాగలనే అది నన్ను ఇంకా అవ్వా అంటున్నది బిడ్డా. దీన్ని కూడా పోనిస్తే... నాకేం మిగుల్తది?"

జాషువా లాప్‌టాప్‌ను ఆమె దిక్కు జరిపిండు.

ఫ్యాను ఆగిపోయింది. బయట ఊరకుక్కలు గప్‌చిప్ అయినయి. తెర మీద మాట మళ్లీ వచ్చింది. దాని కింద ఇంకోసారి. ఇంకోసారి... ఎవరో కాళ్లు పట్టుకొని అడిగినట్టు.

"అవ్వా... అవ్వా... అవ్వా..."

ఎవరి బిడ్డో అది, నెత్తురు కోసం చూస్తున్నది. దానికీ ఓ అవ్వ ఉంటది గదా. సుక్కమ్మ వేలు చాపింది. మీట చల్లగా తగిలింది. మంచు ముక్క తీరు.

పో.

కండ్ల నీళ్లు చేతి మీద పడ్డయి.

ని.

తెర నల్లగా అయింది. పౌడరు వాసన పోయింది. రెండో వాసన మాత్రం... పోలేదు.

జాషువా ఫోను మోగింది. "పోతున్నయా? అన్నీనా?" నవ్విండు, ఏడ్చిండు. అంతలోనే మొహం పాలిపోయింది. "మళ్ల ఒకసారి చూడు..."

"ఏమైంది బిడ్డా?"

"ఆగినయి రెండు వందల పదకొండు అవ్వా. పోయినయి... రెండు వందల పన్నెండు."

"ఆ ఎక్కువది ఎవరు పంపిండ్రు?"

"ఎవ్వరు పంపలే."

"ఏడికి పోయింది?"

అతను ఫోను చెవి నుంచి దించిండు. "పిల్లల వార్డుకు."

నల్లటి తెర మీద అక్షరాలు పుట్టినయి. మెల్లగా... ఒక్కొక్కటే. సుక్కమ్మ కూడబలుక్కొని చదివింది. నాగరాణి ఆమెతో అన్న ఆఖరి మాట అదే.

"అవ్వా, నేను ఆగింది నా పేరు కోసం కాదు, నా ఎనుక వస్తున్నదాన్ని ఆపేటందుకు. దాన్ని ఎందుకు పోనిచ్చినవ్?"