ఇఫ్రా పేరు మీద మూడు రిపోర్టులు

"మా పాపను లాబ్ వాళ్లు చంపేస్తున్నారండీ!"

గవర్నర్‌పేటలోని ప్రైవేట్ డిటెక్టివ్ వెంకటకృష్ణారావు ఆఫీసులోకి వస్తూనే అన్నాడు లాల్ అహ్మద్. 1998 వేసవి. అతని చేతిలో మూడు రిపోర్టులు, ఒక ఫోటో ఉన్నాయి.

అతని చిన్నకూతురు ఇఫ్రాకు తొమ్మిదేళ్లు. ఒంటిని కాపాడాల్సిన శక్తే కాలేయం మీద పడి తినేసే జబ్బు. కంచే చేను మేయడమంటే ఇదే. లోపల వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీలతో పాటు కాలేయం పరీక్షలూ నెలనెలా చేయాలి. పిల్ల ప్రయాణానికి తట్టుకోలేదని రక్తం ఇంటి దగ్గరే తీసేవారు. మూడు నెలలూ రిపోర్టులు బ్రహ్మాండంగా వచ్చాయి. వాటిని నమ్మి డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు తగ్గిస్తూ వచ్చాడు. నాలుగో నెలలో పిల్ల కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది.

"ఇంక మాత్రలు పెంచినా లాభం లేదన్నారు సార్. ఎవడు చేశాడో తేల్చండి. వాణ్ణి వదలను."

డిటెక్టివ్ ఫోటో వంక చాలాసేపు చూశాడు. జనవరిలో తీసింది. పిల్ల బుగ్గలు బూరెల్లా పొంగి ఉన్నాయి.

"ఆ మాత్రలు వాడితే ముఖం అలాగే ఉబ్బుతుంది" అన్నాడు. ఆయన ఒక వస్తువును అంతసేపు చూశాడంటే ఏదో దొరికినట్టే. అసిస్టెంటు శ్రీదుర్గకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇళ్లకు వెళ్లి రక్తం తీసే అబ్రహాము లాబ్‌లోనే దొరికాడు.

"పాపకు రక్తం ఎక్కడ తీశావు?"

"వరండాలోనండి. వాళ్లమ్మగారు పరాయి మగాళ్ల ముందుకు రారు కదండీ. పరదా వెనకనుంచి పాపను పంపేవారు."

"ఏడ్చేదా?"

"అబ్బే, బంగారుతల్లండి. చెయ్యి చాపి కదలకుండా కూర్చునేది. సన్నటి పిల్ల, కోలముఖం."

"జనవరిలో కూడానా?"

"అప్పుడూ అంతేనండి."

మర్నాడు సాయంత్రం భవానీపురంలో లాల్ అహ్మద్ ఇంట్లో అబ్రహాముతో సహా అందర్నీ ఒకచోటికి పిలిచాడు డిటెక్టివ్. పదేళ్ల పెద్దకూతురు అఫ్సా తండ్రి పక్కన నిలబడింది. తల్లి షహజాది పరదా వెనకే ఉంది.

"లాబ్ తప్పు లేదు. రక్తమే ఇఫ్రాది కాదు. జనవరిలో ఇఫ్రాది గుండ్రటి ముఖం, అబ్రహాము చూసింది కోలముఖం. బయటికి రాని తల్లి ఏ పిల్లను పంపితే ఆ పిల్లే ఇఫ్రా అనుకున్నాడు. అబ్రహామూ, ఎవరా పిల్ల?"

అబ్రహాము అఫ్సాను చూసి తల దించుకున్నాడు.

పరదా తొలగింది. షహజాది పరాయివాళ్ల ముందుకు వచ్చి నిలబడింది.

"నేనే పంపానండీ. ఆస్పత్రిలో నరం దొరక్క ఇఫ్రాను ఐదుచోట్ల పొడిచారు. మందు నా చేత్తో వేస్తున్నా కదా, పరీక్ష ఉత్త కాగితానికే అనుకున్నా. మాత్రలు తగ్గిస్తుంటే నయమవుతోందని సంబరపడ్డా."

వదలనన్న మనిషి గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. తన గురువు ఈ ఒక్కసారి పొరబడి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది శ్రీదుర్గ. ఆమెకు ఏడుపు ఆగలేదు.

లోపలి మంచం మీదనుంచి ఇఫ్రా అబ్రహామును నీరసంగా పిలిచింది. అప్పటికే చెయ్యి చాపి ఉంది.

"అంకుల్, ఈసారి నేనే ఇస్తా. ఏడవను. నా రక్తం చూస్తే డాక్టరుగారు మళ్లీ మాత్రలు పెంచుతారుగా? తగ్గిపోతుందిగా?"



"తగ్గిపోతుంది" అంది అఫ్సా, చెల్లెలి పక్కన కూర్చుంటూ. ఇంక లాభం లేదన్న మాట ఆ ఇంట్లో వాళ్లిద్దరికే ఎవరూ చెప్పలేదు.